శాలువాను మించిన సత్కారం... అలగానిపాడు చెప్పే పాఠం

నెల్లూరు: సుదీర్ఘకాలం ప్రజాసేవ చేసిన శాసనసభ్యుడు పదవి నుంచి తప్పుకొన్నప్పుడు ఆయనను ఏ విధంగా గౌరవించాలి? పూలదండ, శాలువా, జ్ఞాపిక, నాలుగు ప్రసంగాలు... మన జిల్లాలో సన్మాన సభలు ఎక్కువగా ఈ తీరునే సాగిపోతుంటాయి. మరునాటికి వేదిక విప్పేస్తారు, దండలు వాడిపోతాయి. అంతకుమించిన గౌరవం ఏదన్న ప్రశ్నకు విడవలూరు మండలంలోని అలగానిపాడు గ్రామం ఒక సమాధానం చెబుతోంది. అది పుచ్చలపల్లి సుందరయ్య జన్మించిన ఊరు.

విరమణ ఎవరికి?

నిబంధనల ప్రకారం చూస్తే 'పదవీ విరమణ' అన్న మాట శాసనమండలి సభ్యులకే వర్తిస్తుంది. మండలి శాశ్వత సభ. సభ్యుని పదవీకాలం ఆరేళ్లు. ప్రతి రెండేళ్లకు మూడో వంతు మంది విరమిస్తారు. రాజ్యసభలోనూ ఇదే పద్ధతి. అందువల్ల ఆ సభలలో వీడ్కోలు పలికే సంప్రదాయం ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్‌లో 1958లో ఏర్పడిన మండలి 1985లో రద్దయి, 2007లో తిరిగి కొలువుదీరింది.

శాసనసభ అలా కాదు. గడువు ముగిసిందంటే సభ యావత్తూ రద్దవుతుంది. తిరిగి గెలిచినవారు వస్తారు, ఓడినవారు, పోటీ చేయనివారు ఇంటికి వెళతారు. వారికి విడిగా వీడ్కోలు ఉండదు. మరణించిన తర్వాత సంతాప తీర్మానంలో మాత్రం సభ వారిని తలచుకుంటుంది. కనుక శాసనసభ్యుడిని బతికుండగా గౌరవించే బాధ్యత ప్రజలపైనే పడుతుంది.

పెన్నా ఉత్తరపు గట్టు నుంచి...

1913 మే 1న అలగానిపాడులో భూస్వామ్య కుటుంబంలో పుట్టిన సుందరరామిరెడ్డి, కులసూచకమైన పేరును వదులుకొని సుందరయ్యగా మిగిలారు. 1930లో మద్రాసులో చదువు విడిచి ఉప్పు సత్యాగ్రహంలో చేరి జైలుకు వెళ్లారు. విడుదలయ్యాక సొంత ఊరిలో వ్యవసాయ కూలీలను కూడగట్టారు. అంటరానితనాన్ని ఎదిరించారు. ఆ కూలీలు పనిచేసే పొలాల యజమానులు ఆయన బంధుమిత్రులే కావడం గమనించదగినది. తన వాటాగా వచ్చిన ఆస్తిని పార్టీకి ఇచ్చివేశారు. 1943లో లీలను వివాహమాడిన ఆయన, సంతానం వద్దనుకున్నారు.

1952లో రాజ్యసభకు ఎన్నికై కమ్యూనిస్టు పక్షానికి నాయకత్వం వహించారు. పార్లమెంటుకు సైకిలుపై వెళ్లే సభ్యుడిగా దేశమంతటా పేరు పొందారు.

ఒకే జిల్లా... ఇరువురు నేతలు

1955 ఆంధ్ర రాష్ట్ర మధ్యంతర ఎన్నికలు జిల్లా చరిత్రలో ఒక విశేష ఘట్టం. 196 స్థానాల సభలో కమ్యూనిస్టులకు దక్కినవి 15 మాత్రమే. కృష్ణా జిల్లా గన్నవరం నుంచి గెలిచిన సుందరయ్య వారికి నాయకుడయ్యారు. ముఖ్యమంత్రి పీఠమెక్కిన బెజవాడ గోపాలరెడ్డిది బుచ్చిరెడ్డిపాలెం. ఒకరు శాంతినికేతన్‌లో చదివి రవీంద్రుని రచనలను తెలుగు చేసినవారు. మరొకరు కూలీల గుడిసెల మధ్య రాజకీయం నేర్చినవారు. పెన్నాకు ఉత్తరాన, ఒకే డెల్టా నేలపై పుట్టిన వీరిద్దరూ సభలో ఎదురెదురుగా కూర్చున్నారు.

సుందరయ్య 1967 వరకు, తిరిగి 1978 నుంచి 1983 వరకు శాసనసభ్యుడిగా ఉన్నారు. రాజ్యసభ కాలంతో కలిపితే దాదాపు ఇరవై ఏళ్లు. భూసంస్కరణలు, నీటిపారుదల ఆయనకు ఇష్టమైన అంశాలు. అంకెలతో, అధ్యయనంతో మాట్లాడటం ఆయన పద్ధతి. తెలంగాణ సాయుధ పోరాటంలో ఆయన పాత్రపైనా, పార్టీ మార్గంపైనా భిన్నాభిప్రాయాలు నేటికీ ఉన్నాయి. నిరాడంబరతను మాత్రం ప్రత్యర్థులు సైతం అంగీకరించారు.

పదవిని వదలడమూ సేవే

1964లో సీపీఎం ఏర్పడినప్పటి నుంచి ఆయనే ప్రధాన కార్యదర్శి. పార్టీ అనుసరిస్తున్న మార్గంతో విభేదించి 1976లో ఆ పదవిని స్వయంగా వదులుకున్నారు. అనంతరం రాజకీయాలకు స్వస్తి చెప్పలేదు. మళ్లీ గన్నవరం ఓటర్ల ముందుకు వెళ్లి సాధారణ శాసనసభ్యుడిగా పనిచేశారు. పెద్ద పదవి పోయినా చిన్న పదవిలో అదే శ్రద్ధతో శ్రమించవచ్చని ఆ ఐదేళ్లు రుజువు చేశాయి. 1985 మే 19న మద్రాసులో కన్నుమూశారు.

గ్రంథాలయమే జ్ఞాపిక

ఆయన పేరిట హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలో వెలసిన సుందరయ్య విజ్ఞాన కేంద్రం పుస్తకాలకు, సభలకు, పరిశోధకులకు నెలవైంది. అభిమానులు విగ్రహంతో సరిపెట్టుకోలేదు. చదివి మాట్లాడే అలవాటున్న నేతకు గ్రంథాలయమే తగిన గుర్తుగా భావించారు.

కావలి నుంచి సూళ్లూరుపేట దాకా తీరప్రాంత నియోజకవర్గాలు ఎందరో శాసనసభ్యులను చూశాయి. వారు సభలో ఏమి అడిగారో, ఏ కాలువ కోసం, ఏ మత్స్యకార గ్రామం కోసం పట్టుబట్టారో శాసనసభ చర్చల సంపుటాలలో నమోదై ఉంది. ఆ పుటలను వెలికితీసి మండల గ్రంథాలయంలో ఉంచితే కొత్తతరం చదువుకుంటుంది, కొత్తగా ఎన్నికైనవారికి కొలమానం దొరుకుతుంది. శాలువా ఒక్క సాయంత్రపు మర్యాద. చేసిన పనిని గుర్తుంచుకొని, మిగిలిన పనిని అడగడమే ప్రజాప్రతినిధికి చిరకాల సత్కారం.