తిరిగియు రాజుకొనని బండి

బీరంగూడ మొదలు పటాన్‌చెరు వఱకు గల కర్మాగారముల నడుమ పాత డీజిలు పికప్ బండ్లే అనేక గృహములకు అన్నము పెట్టుచున్నవి. అట్టి బండి వేకువను గిఱ్ఱున తిరుగుచునే రాజుకొనక మొండికెత్తినచో ఆనాటి కిరాయి పోయినట్లే. నెలవాయిదా మాత్రము ఆగదు.

ఇంజను చురుకుగా తిరుగుచుండగా బ్యాటరీని నిందించుట తగదు. 1897లో జర్మనీలో రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపిన యీ యంత్రమునకు నిప్పురవ్వతో పనిలేదు. లోన గాలిని గట్టిగా అదుమగా పుట్టు వేడిమికే నూనె మండును. కావున నూనె లోనికి చేరుచున్నదా యనునదే మొదటి ప్రశ్న. దానికి పొగగొట్టమే సాక్షి. త్రిప్పునపుడు పొగ బొత్తిగా రాకున్నచో నూనె చేరుటలేదని తలంపవచ్చును.

మా పొరుగింటి బండికి ఇట్లే యయ్యెను. క్రొత్త బ్యాటరీకై ఆ యిల్లాలు గాజులు కుదువపెట్ట నుద్యుక్తురాలు కాగా, మేము వారించి ముందు పొగను చూడుడంటిమి. పొగ లేదు. తొట్టిలో డీజిలున్నది. మేస్త్రి వచ్చి, వడపోతపైని మరచీల వదులుచేసి చేతిపంపు నొత్తగా నురుగు బుసబుస వెడలెను. గొట్టపు బిగింపు సడలి గాలి చొరబడినదట! నురుగు పోయి శుద్ధమైన నూనె వచ్చువఱకు ఒత్తి, చీలను గొట్టమును బిగించెను. బండి రాజుకొనెను, గాజులు చేతికే నిలిచినవి.

తెల్లపొగ దండిగా వచ్చుచు రాజుకొనకున్న కథ వేఱు. నూనె పోవుచున్నది, వేడిమియే చాలదు. చలికాలపు ఉదయములందు లోపలి వేడిచేయు ప్లగ్గులను పరీక్షింపజేయవలయును. ఏదియైనను తాళమును పది సెకండ్లకు మించి పట్టి త్రిప్పరాదు. స్టార్టరు మోటారు కాగిపోవును, బాగున్న బ్యాటరీయు నిజముగనే నీరసించును.