పన్ను మొలవకముందే పట్టే గార

2015 జూన్ 8న మిషన్ భగీరథ పైలాన్ అప్పటి నల్లగొండ జిల్లాలోని చౌటుప్పల్‌లో వెలిసింది. ఇంటింటికీ నల్లా నీళ్లిస్తామన్న మాట ఫ్లోరైడ్ బాధ ఎరిగిన ఈ నేల మీద నుంచి వినపడటం సబబే. ఇక్కడి గ్రానైటు రాళ్లలోని ఫ్లోరైడ్ కరిగి బోరు నీళ్లలో చేరుతుంది. వంగిన నడుములు, వంకర కాళ్ల ఫొటోలు పత్రికల్లో ఎన్నో చూశాం. వాటికన్నా ఎంతో ముందు ఆ సంగతి పళ్లు చెబుతాయి. నవ్వొచ్చినా పెదాలు బిగించుకునే పిల్లల గురించి మాత్రం మాట్లాడుకున్నది తక్కువ.

సరిగా తోమకనే పళ్లు గార పట్టాయని పిల్లల్ని కోప్పడే పెద్దలు ఇంకా ఉన్నారు. అది అన్యాయం. పాలపన్ను ఊడి కొత్తది వచ్చేది ఆరేళ్లకైనా, దాని పైపొర ఎనామిల్ పసితనం నుంచే చిగురు లోపల తయారవుతుంటుంది. ఆ రోజుల్లో ఒంట్లోకి ఫ్లోరైడ్ ఎక్కువగా చేరితే పొర గుల్లబారుతుంది. మొదట సుద్దలాంటి తెల్లమచ్చలు, పోనుపోను వాటికి గోధుమరంగు. ఎంత రుద్దినా పోదు. ముందుపళ్లకు తొలి మూడేళ్లు మరీ కీలకం. ఎనిమిదేళ్లు దాటితే, జ్ఞానదంతాలు తప్ప మిగతా పళ్లకు గండం గడిచినట్టే. అందుకే బడిలో పెట్టే దంత శిబిరం ఈ గారను ఆపలేదు. బిడ్డ ఉయ్యాలలో ఉండగానే జాగ్రత్త పడాలి.

తల్లి తాగిన నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్నా చనుబాలలోకి వచ్చేది అతి స్వల్పం. ఈ ప్రాంతపు పసివాళ్లకు అంతకుమించిన రక్ష లేదు. అదే డబ్బాపాలను బోరు నీళ్లతో కలిపితే, ఆ ఫ్లోరైడంతా నేరుగా బిడ్డ కడుపులోకి పోతుంది. తాగడానికి భగీరథ నీళ్లు పట్టుకుని, అన్నం, పప్పు బోరు నీళ్లతో వండినా నష్టమే. కాచి చల్లార్చితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరయ్యేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపుంటే మంచిది, వేరే దారి లేనిచోట 1.5 వరకు అన్నది మన దేశపు ప్రమాణం. నల్లా రానిరోజు బోరు నీళ్లే దిక్కయితే, కనీసం చంటిబిడ్డ పాలకూ జావకూ మంచి నీళ్లు విడిగా దాచిపెట్టాలి.

పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1970లలో రూపొందించారు. ప్రపంచమంతా దాన్ని నల్లగొండ పద్ధతి అనే పిలుస్తుంది. అంతకు చాలా ముందే, 1901లో, అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో ఫ్రెడరిక్ మెకే అనే దంతవైద్యుడు ఇలాంటి గోధుమరంగు పళ్లే చూసి ఆశ్చర్యపోయాడు. కారణం నీళ్లలోని ఫ్లోరైడేనని 1931లో తేలింది. అది కొద్దిగా ఉంటే పళ్లు పుచ్చడం తగ్గుతుందని కూడా ఆ దారిలోనే తెలిసింది. అందుకే 1945లో అమెరికాలోని గ్రాండ్ ర్యాపిడ్స్ పట్టణం కావాలనే నీళ్లలో ఫ్లోరైడ్ కలిపింది.

మన పిల్లలకు పళ్లు పుచ్చడం గురించిన ఈ రెండో సంగతీ ఇప్పుడు అవసరమే. నల్లా నీళ్లతో పెరుగుతున్నవాళ్ల పళ్లు తెల్లగా మొలవొచ్చు, కానీ కిరాణా కొట్టు చాక్లెట్లు, క్రీము బిస్కెట్లు, కూల్‌డ్రింకులు వాటిని పుచ్చిపోయేలా చేస్తాయి. తీపిని నోటిలోని సూక్ష్మజీవులు ఆమ్లంగా మారుస్తాయి. ఎంత తిన్నారన్న దానికన్నా ఎన్నిసార్లు తిన్నారన్నదే పంటికి ఎక్కువ చేటు. రాత్రి పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే అలవాటు మరీ చెడ్డది.

మూడేళ్ల లోపు బియ్యపు గింజంత, తర్వాత ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత ఫ్లోరైడ్ పేస్టు చాలు. అది మింగకుండా ఉమ్మించాలి. బోరు నీళ్లు ఇంకా వాడే ఇళ్లలో ఏ పేస్టు కొనాలో దంతవైద్యుణ్ని అడగడం మేలు.

ఆరో ఏట చివరి పాలపన్ను వెనక ఓ కొత్త దవడపన్ను వస్తుంది. ఏ పన్నూ ఊడకుండానే మొలుస్తుంది కాబట్టి అదీ పాలపన్నేనని ఇంట్లోవాళ్లు వదిలేస్తారు. జీవితాంతం నమలాల్సింది దానితోనే. దాని గాట్లలో మెతుకులు ఇరుక్కుని త్వరగా పుచ్చుతుంది. అలా కాకుండా పైన సీలెంటు పూత వేస్తారు. సూదీ ఉండదు, నొప్పీ ఉండదు. బిడ్డ ఒకటో తరగతిలో ఉండగానే ఒకసారి నోరు తెరిపించి, ఆ పన్ను వచ్చిందో లేదో చూడండి.