రౌతు కొద్ది గుఱ్ఱము

రౌతు మెత్తనైన గుఱ్ఱము మూడు కాళ్ళతో నడచునని మనలో ఒక సామెత కలదు. ఇంటి పెద్దలును, బడిపంతుళ్ళును, కచ్చేరీలలోని పై అధికారులును దీనిని తఱచు వాడుచుందురు. కొరడా లేనిదే పని జరగదని వారి భావము. కాని గుఱ్ఱములతో దినములు గడపువారు ఈ సామెతను అంత సులభముగా ఒప్పుకొనరు. మెత్తనివాని చేతిలో గుఱ్ఱము చెడుట నిజమే. కఠినుని చేతిలో అంతకంటె త్వరగా చెడుటయు నిజమే. మనకు మఱియొక సామెత కూడ కలదు, రౌతు కొద్ది గుఱ్ఱమని. పరీక్షకు నిలుచునది ఇది. ఎట్లు నిలుచునో చూతము.

ముందుగా ఆ జంతువు స్వభావమును తెలిసికొనవలెను. పెరిగిన గుఱ్ఱము సుమారు 400 మొదలు 500 కిలోల బరువుండును. దానిని నడపు మనిషి బరువు అందులో ఏడవవంతో ఎనిమిదవవంతో ఉండును. బలముతో బలమును ఎదిరించిన గెలుపెవరిదో చెప్పనక్కఱ లేదు. అయినను ఇంత బలముగల ప్రాణి పుట్టుకతోనే పిఱికిది. గడ్డి మైదానములలో సింహములకును తోడేళ్ళకును ఆహారమగుచు, పరుగెత్తి ప్రాణము దక్కించుకొనిన జాతి యిది. ముందు పరుగు, తరువాత ఆలోచన. దీని కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే ఇంచుమించు చుట్టునున్న సమస్తమును చూడగలదు. నుదుటికి సరిగా ఎదుటనున్న కొంత చోటును, తోకవెనుకనున్న చోటును మాత్రము దానికి కనబడవు. కావుననే గుఱ్ఱమును సమీపించువాడు వెనుకనుండి గాని, సూటిగా ముఖమునకు ఎదురుగా గాని పోక, భుజమువైపునుండి మాటలాడుచు పోవలెనని చెప్పుదురు.

ఇంకొక సంగతి. క్రూరమృగము గుఱ్ఱముపైకి దూకునపుడు పట్టునది దాని మెడను, వీపును. మనము జీను వేసి కూర్చుండునదియు ఆ వీపుమీదనే. ఏ చోట బరువు పడిన చచ్చుటయే అని దాని రక్తమునకు తెలియునో, ఆ చోటనే మనుష్యుని ఎక్కించుకొనుమని మనము దానిని అడుగుచున్నాము. గుఱ్ఱపు శిక్షణ యంతయు ఈ అడుగుటలోనే ఉన్నది.

అలెగ్జాండరు బాల్యమును గూర్చి ప్లూటార్కు చెప్పిన కథ పలువురు ఎఱుగుదురు. బ్యూసిఫలస్ అను గుఱ్ఱము ఎవ్వరిని దగ్గఱకు రానీయక తిరుగబడుచుండ, అది తన నీడను చూచి బెదరుచున్నదని ఆ బాలుడొక్కడు కనిపెట్టెను. పగ్గము పట్టి దానిని సూర్యుని వైపు త్రిప్పి, నిమురుచు, కొంత దూరము ప్రక్కన నడచి, మెల్లగా పై వస్త్రమును జారవిడిచి ఎక్కెను. ఈ కథను వీరత్వమునకు ఉదాహరణముగా చెప్పుచుందురు. నాకు మాత్రము ఇందులో వీరత్వముకంటె పరిశీలన యెక్కువ కనబడుచున్నది. తక్కినవారు గుఱ్ఱమును లొంగదీయ చూచిరి. అతడు దాని భయమునకు కారణమును తొలగించెను. ఆ గుఱ్ఱము అతనితో జీలము నదివఱకు వచ్చి, క్రీస్తుపూర్వము 326లో అక్కడనే మరణించెను. దాని పేరనే అక్కడ నొక పట్టణమును అతడు కట్టించెను.

ఆ కాలమునకు కొంచెము ముందే గ్రీకు సేనాని క్సెనోఫోను అశ్వవిద్యను గూర్చి యొక గ్రంథము వ్రాసెను. కోపముతో గుఱ్ఱము దగ్గఱకు పోరాదనుట ఆయన ముఖ్యోపదేశము. గుఱ్ఱము ఏదైన వస్తువును చూచి బెదరినచో కొట్టరాదని కూడ ఆయన చెప్పెను. కొట్టినచో ఆ నొప్పికి ఆ వస్తువే కారణమని గుఱ్ఱము తలచి, భయమును రెట్టింపు చేసికొనును. ఇరువది మూడు శతాబ్దముల తరువాత కూడ ఈ మాటకు సవరణ అవసరము కలుగలేదు. మన దేశమున అశ్వశాస్త్రమునకు మూలపురుషుడు శాలిహోత్రుడు. ఉత్తరదేశమున పశువైద్యుని సలోత్రి యని పిలుచుటకు కారణము ఆయన పేరే. పాండవులలో నకులుడును, నలమహారాజును అశ్వహృదయమెఱిగినవారుగా మనకు పరిచితులు. తెలుగున మనుమంచి భట్టు అశ్వలక్షణములను పద్యములలో చెప్పెను. అయితే దక్షిణదేశపు రాజులు మంచి గుఱ్ఱములను ఎక్కువగా సముద్రముమీదనే తెప్పించుకొనెడివారు. విజయనగర ప్రభువు ఏటేట ఓర్ముజ్ నుండి వచ్చునవియు, నాటువియు కలిపి 13,000 గుఱ్ఱములను కొనెడివాడని పదునాఱవ శతాబ్దమున పోర్చుగీసు వర్తకుడు నూనిజు వ్రాసెను. సాళువ నరసింహుడు దారిలో సముద్రముపై చచ్చిన గుఱ్ఱపు తోకను చూపినను వెల చెల్లించెడివాడట!

ఇక శిక్షణ సంగతి. పునాది యనునది ఎక్కకముందే పడవలెను. మొదటి దినములలో పిల్లగుఱ్ఱమునకు నేర్పునవి మూడు నాలుగు సామాన్యమైన పనులు మాత్రమే. చేయి తాకిన ఓర్చుకొనుట, తాడుపట్టిన వెంటవచ్చుట, నిలుమనిన నిలుచుట, ప్రక్కకు తొలగుమనిన తొలగుట. చూచుటకు స్వల్పములు. కాని తరువాత వీపుపైనుండి చెప్పు ప్రతి ఆజ్ఞయు వీనిలోనిదే.

గుఱ్ఱము వీనిని నేర్చుకొను విధము గమనింపదగినది. తాడును కొంచెము బిగువుగా పట్టుదుము. గుఱ్ఱమునకు అది అసౌకర్యము. అటునిటు తల త్రిప్పి చూచును, వెనుకకు లాగును, చివఱకు ఒక అడుగు ముందుకు వేయును. ఆ క్షణముననే బిగువు సడలవలెను. గుఱ్ఱము బిగువు వలన నేర్చుకొనదు, సడలించుట వలన నేర్చుకొనును. ఈ సూక్ష్మము తెలియకనే పలువురు చెడిపోవుచున్నారు. గుఱ్ఱము అడుగు వేసిన పిమ్మట రెండు మూడు సెకనులు ఆలస్యముగా సడలించినచో, ఆలోగా అది తల విదిలించి యుండును, లేక నిలిచిపోయి యుండును. సడలింపు ఆ విదిలించుటకు బహుమానమగును. అడుగు వేసినను సడలింపకున్నచో, ఏమి చేసినను ఈ బాధ పోదని అది నిశ్చయించుకొనును. కళ్ళెపు ఇనుము నిలుచునది ముందుపండ్లకును దవడపండ్లకును నడుమ పండ్లు లేని చిగురుపైన. అది మిక్కిలి సున్నితమైన చోటు. ఎడతెగక పగ్గము లాగు రౌతు క్రింద ఆ నోరు క్రమముగా మొద్దుబాఱును. అపుడతడు, ఈ గుఱ్ఱము మొండిది, ఇంకను గట్టి కళ్ళెము కావలెననును! తప్పు తనదై, శిక్ష గుఱ్ఱమునకు. పదునెనిమిదవ శతాబ్దపు ఫ్రెంచి ఆచార్యుడు లా గెరినియేర్ 1733లో ప్రకటించిన గ్రంథమున, గుఱ్ఱము సరిగా చేసినపుడు రౌతు చేయి దించి పగ్గమును సడలించుటను ప్రశంసించెను. నేటి మనస్తత్వశాస్త్రజ్ఞులు చెప్పునది వేఱు మాటలలో ఇదియే.

సడలింపుతో పాటు ఆహారమును బహుమానముగా ఇచ్చుటయు కలదు. మన పల్లెలలో గుప్పెడు ఉలవ గుగ్గిళ్ళు దీనికి చాలును. ఫ్రాన్సులోని రెన్నె విశ్వవిద్యాలయమువారు 2010లో ప్రకటించిన పరిశోధనలో, ఇట్లు తినుబండారముతో నేర్పబడిన పిల్లగుఱ్ఱములు త్వరగా నేర్చుకొనుటయే కాక, కొన్ని నెలల తరువాత కూడ పాఠమును మఱువక, మనుష్యులను చూచి దగ్గఱకు వచ్చెనని తేలినది. అదునెఱుగక జేబులోని తిండి పెట్టుచున్నచో జేబును కొఱకుట నేర్చుకొనునన్నది వేఱు సంగతి.

భయమును పోగొట్టుటకు తొందరపాటు పనికిరాదు. గొడుగు, ఎగురు గుడ్డ, బాజాల మ్రోత, నీటిగుంట, వీనిలో దేనినైనను దూరమునుండి చూపి, గుఱ్ఱము బెదరుటకు ముందే నిలిపి, అది నిదానించిన పిమ్మట ఒక అడుగు దగ్గఱకు తేవలెను. జీను కూడ ఇంతే. ముందు గోనెపట్ట, తరువాత ఖాళీ జీను, పొట్టక్రింది పట్టీ వదులుగా, మఱునాడు కొంచెము బిగువుగా. ఆ పైన మనిషి కడుపుపై అడ్డముగా వ్రాలుట. కొన్ని దినములకు గాని కాలు ఆవలికి వేయుట లేదు. దీనికి విరుద్ధమైన పాత పద్ధతి యొకటి అనేక దేశములలో నుండెను. గుఱ్ఱమును కట్టివేసి, పడగొట్టి, అలసి కదలకుండు వఱకు బెదరించి, లొంగినదనుకొనుట. ఒక పూటలో పని పూర్తియగును. దాని ఫలితము పైకి శాంతముగానే కనబడును. కాని పెనగులాడి ప్రయోజనము లేదని తెలిసి మిన్నకుండుట వేఱు, వెఱవక నిలుచుట వేఱు. మొదటి రకపు గుఱ్ఱము ఎన్నో యేండ్లు నెమ్మదిగా నడచి, ఒకనాడు ఒక కాగితపు ముక్క ఎగురుటతో రౌతును పడద్రోసి పాఱిపోవును. ఇంతకాలము ఇంత మంచిగా ఉండెనే యని అందఱును ఆశ్చర్యపడుదురు.

వయస్సు విషయము క్లుప్తముగా చెప్పెదను. గుఱ్ఱపు వెన్నెముక పూర్తిగా గట్టిపడుటకు అయిదాఱు సంవత్సరములు పట్టును. మూడవ నాలుగవ యేట మెల్లగా ఎక్కుట ఆరంభించి, పని క్రమముగా పెంచుట పలువురు ఒప్పుకొను మార్గము. పందెపు గుఱ్ఱములను రెండవ యేటనే పరుగెత్తించుచున్నారు. దీనిపై పశువైద్యులలో భేదాభిప్రాయములున్నవి. పిల్లగుఱ్ఱమునకు కదలిక మంచిదే, దానిపై మోపు బరువు సంగతియే వివాదము.

పునాది గుఱ్ఱమునకు మాత్రమే కాదు, రౌతునకును కావలెను. వియన్నా నగరములోని స్పానిష్ అశ్వశాల పేరు 1572 నాటి పత్రములలోనే కనబడుచున్నది. అక్కడ క్రొత్తగా చేరిన విద్యార్థికి చాలకాలము పగ్గము ఇయ్యరు, రికాబులు ఇయ్యరు. శిక్షకుడు పొడవైన తాటి కొసన గుఱ్ఱమును గుండ్రముగా నడిపించుచుండ, విద్యార్థి ఊరక కూర్చుండుట నేర్చుకొనవలెను. ఇది మాసముల తరబడి సాగును. కారణము తేటయైనదే. కూర్చుండుట రాని వాడు పడిపోకుండుటకై పగ్గమును పట్టుకొని వ్రేలాడును. ఆ వ్రేలాట గుఱ్ఱము నోటికి తగులును. అక్కడి మఱియొక ఆచారము నాకు మిక్కిలి నచ్చినది. క్రొత్త గుఱ్ఱమును అనుభవముగల రౌతునకును, క్రొత్త రౌతును పండిన గుఱ్ఱమునకును అప్పగింతురు. ముసలి గుఱ్ఱము అక్కడ ఉపాధ్యాయుడు. మన హైదరాబాదులోని జాతీయ పోలీసు అకాడమీలో శిక్షణ పొందు యువ అధికారులకును గుఱ్ఱపు స్వారి పాఠ్యభాగమే. జీపులును కంప్యూటర్లును ఉన్న కాలమున ఇది యేలయని అడుగువారు కలరు. ఆజ్ఞాపించుటకే అలవాటు పడవలసిన వానికి, ఆజ్ఞకు లొంగని ప్రాణి దగ్గఱ కొన్నాళ్ళు గడపుట చెడ్డ చదువు కాదని నా తలంపు.

ఏలయనగా గుఱ్ఱమునకు మన లోపలి సంగతి తెలియును. ఇది కవిత్వము కాదు. బెర్లినులో వాన్ ఓస్టెన్ అను విశ్రాంత ఉపాధ్యాయుని హాన్సు అను గుఱ్ఱము లెక్కలు చేయునని 1904లో పెద్ద సంచలనము కలిగెను. ఎంతయని అడిగిన అన్నిసార్లు డెక్కతో నేలపై కొట్టెడిది. ఫుంగ్‌స్ట్ అను పరిశోధకుడు పరీక్షించి 1907లో రహస్యమును ప్రకటించెను. అడుగువానికి జవాబు తెలియనపుడు గుఱ్ఱమునకును తెలియలేదు. సరియైన సంఖ్య రాగానే అడుగువాని తల అతనికే తెలియకుండ వెండ్రుకవాసి కదలెడిది. గుఱ్ఱము దానిని చూచి ఆగెడిది. లెక్క రాదనుట నిజమే గాని, అంతమంది పండితులు చూడలేనిదానిని అది చూచినది గదా! 2009లో స్వీడను పరిశోధకులు ఇంకొక ముచ్చటైన పరీక్ష చేసిరి. గుఱ్ఱము నడచు దారిలో ఈసారి గొడుగు విప్పుదుమని దానిని నడపువానికి ముందుగా చెప్పి, విప్పక ఊరకుండిరి. మనిషి గుండె వేగము హెచ్చెను. ఏమియు జరుగకున్నను గుఱ్ఱపు గుండె వేగమును హెచ్చెను. రౌతు కొద్ది గుఱ్ఱమనుటకు ఇంతకంటె సాక్ష్యము అక్కఱలేదు.

కావున రౌతు మొదట అదుపులో పెట్టవలసినది తన ఊపిరిని. బెదరిన గుఱ్ఱముపై కాళ్ళు బిగించి పగ్గము లాగుట ఎవ్వరికైనను సహజమే. కాని బిగిసిన శరీరము, నిజముగా ఏదో అపాయమున్నదను వార్తను గుఱ్ఱమునకు చేరవేయును. నిదానముగా ఊపిరి విడిచి, చేయి మెత్తచేసి, గుఱ్ఱమును ఒక ప్రక్కకు వంపుగా త్రిప్పుట అనుభవజ్ఞుల పద్ధతి. ఒకసారి చెదరిన నమ్మకమును మఱల కూర్చుటకు దగ్గఱ దారి లేదు. తాడుపట్టి నడిపించు మొదటి పాఠమునకే తిరిగి పోవలెను.

ఇక పెండ్లి యూరేగింపులలో పెండ్లికొమారుని మోయు గుఱ్ఱములను మనమందఱమును చూచుచున్నాము. చెవులు పగులు బాజాలు, కాలి దగ్గఱ టపాకాయలు, కన్నులకెదుట దీపములు. గుఱ్ఱము కదలక నిలుచును. ఎంత మంచి గుఱ్ఱమని అందురు. ఈసారి దానిని కొంచెము పరికించి చూడుడు. చెవులు ఒకటి ఇటు ఒకటి అటు తిరుగుచు, తన మనిషి మాటకు ఒక చెవి అప్పగించి, అపుడపుడు పెదవి నాడించుచు, వెనుక కాలు ఒకటి వదులుగా వంచి నిలిచినచో, ఆ గుఱ్ఱమునకు తన సాయీసుపై నమ్మకమున్నది. మెడ వీపుతో సమముగా వ్రాలి, చెవులు కదలక, చూపు ఒకచోటనే గ్రుచ్చుకొని యున్నచో అది వేఱు స్థితి. రెన్నె పరిశోధకులే 2012లో స్వారి బడులలోని 59 గుఱ్ఱములను పరీక్షించి, కొన్నిటిలో ఈ లక్షణములనే గుర్తించి, మనుష్యులలోని దిగులు జబ్బుతో వానిని పోల్చిరి. అట్టి గుఱ్ఱము కనబడినపుడు టపాకాయల వాండ్రను పది గజములు దూరముగా జరుగుమని చెప్పుటయు, బాజాలు ఆగినపుడు ఒక బకెట్టు నీళ్ళు దాని ముందుంచుటయు పెండ్లివారికి పెద్ద పని కాదు.