డిశ్చార్జి అయ్యాక ఎక్కడికి?

పక్షవాతం వచ్చిన నాన్నగారిని విజయవాడ ఆసుపత్రి నుంచి డిశ్చార్జి చేస్తామంటున్నారు. కుడి చెయ్యి, కాలు లేవడం లేదు. ముక్కులో గొట్టం అలాగే ఉంది. మైలవరంలో ఇంటి దగ్గర అమ్మ ఒక్కరే. కొడుకు హైదరాబాద్‌లో, కూతురు ఇంకా దూరాన. నర్సింగ్ హోమ్‌లో పెడదామంటే, ‘ఊళ్లో ఏమనుకుంటారు?’ అన్న ప్రశ్న. మీ ఇంట్లోనూ ఈ పరిస్థితి వచ్చిందా?

ముందు ఒక అపోహ వదిలించుకోండి. పునరావాస కేంద్రం అంటే వృద్ధాశ్రమం కాదు. కొన్ని వారాలు ఉండి, కోలుకుని ఇంటికి రావడానికే అది. పక్షవాతం తర్వాత కోలుకోవడం మొదటి మూడు నెలల్లో వేగంగా సాగుతుంది. ఆ తర్వాతా మెరుగుదల ఉంటుంది గానీ నెమ్మదిస్తుంది. అందుకే ‘పండగ అయ్యాక చూద్దాం’ అనే వాయిదా బాగా ఖరీదైనది.

మంచి కేంద్రంలో రోజు ఎలా గడుస్తుంది? పొద్దున్నే నోరు శుభ్రం చేసి, తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తారు. పడక పుండ్లు రాకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతారు. మడమలు, నడుము కింది భాగం రోజూ చూస్తారు. చర్మం ఎర్రబడి, వేలితో నొక్కినా ఆ ఎరుపు పోకపోతే అది పుండుకు తొలి గుర్తు. రోజూ ఫిజియోథెరపీ ఉంటుంది. మాట పోయిన వారికి స్పీచ్ థెరపీ వేరు. చాలామందిలో మాటల కేంద్రం మెదడు ఎడమవైపు ఉంటుంది కాబట్టి, కుడివైపు పడిపోయిన వారికి ఈ అవసరం ఎక్కువ.

తిండి విషయంలో మాత్రం ప్రేమ ఎక్కువై ప్రమాదం తెచ్చుకుంటాం. ‘రెండు ముద్దలు పెరుగన్నం తింటే ఓపిక వస్తుంది’ అని పడుకోబెట్టే పెట్టేస్తాం. మింగే శక్తి తగ్గితే అన్నం ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. మింగగలరో లేదో నిపుణులు పరీక్షించాకే నోటికి ఇవ్వాలి. గొట్టం ద్వారా ఇచ్చినా తల వైపు ఎత్తుగా ఉంచి, తర్వాత అరగంట అలాగే కూర్చోబెట్టాలి. పడిపోయిన చేతిని పట్టుకుని లేపకండి, భుజం కీలు జారుతుంది. బంధువులు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే.

చేర్చే ముందు మధ్యాహ్నం మూడింటికి చెప్పకుండా వెళ్లి చూడండి. ఆ వేళకు రోగులు మంచాల మీదే ఉన్నారా, కుర్చీల్లో కూర్చున్నారా? మూత్రం వాసన వస్తోందా? రాత్రి ఎంతమంది నర్సులు ఉంటారు, డాక్టరు ఎప్పుడు వస్తారు, అర్ధరాత్రి పరిస్థితి విషమిస్తే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు అని అడగండి. ప్యాకేజీలో డైపర్లు, మందులు, ఫిజియోథెరపీ కలిపారో లేదో కాగితం మీద రాయించుకోండి. బిల్లు దగ్గర గొడవలన్నీ వీటి మీదే. కుటుంబ సభ్యుల్ని థెరపీ గదిలోకి రానివ్వని చోటు, ఎంత అద్దంలా మెరుస్తున్నా, మా దృష్టిలో వద్దు. రేపు ఇంట్లో చేయించాల్సింది మీరే కదా!

పక్షవాతం వచ్చిన వారిలో దాదాపు మూడోవంతు మందిని కుంగుబాటు వేధిస్తుంది. తిండి మానేసినా, మొహం గోడవైపు తిప్పేసుకున్నా మొండితనం అనుకోకుండా డాక్టరుకు చెప్పండి. రోజూ జి.కొండూరు, కొండపల్లి దాటి విజయవాడ వెళ్లిరావడం అమ్మకు కష్టమే. వెళ్లలేని రోజు వీడియో కాల్ చేయించండి. తోటలో మామిడి పూత ఎలా ఉందో చూపించండి.

ఇంటికి తెచ్చే వారం ముందే వెస్ట్రన్ కమోడ్, దాని పక్కన గోడకు పట్టుకునే కడ్డీ బిగించండి. గడపలు చక్రాల కుర్చీకి అడ్డమేమో చూసుకోండి. ఎవరిని అడగాలో తెలియనప్పుడు పెద్దల కోసం ఉన్న ఎల్డర్‌లైన్ 14567కు ఫోన్ చేయవచ్చు, ఖర్చు ఉండదు.