వాడని ఆదేశానికి చోటెందుకు?

జపాన్ కాలిక్యులేటర్ల కంపెనీ బిజికామ్ 1969లో ఇంటెల్ దగ్గరికి వచ్చినప్పుడు అడిగింది ప్రాసెసర్ కాదు. తన యంత్రాలకు సరిపడే ప్రత్యేక చిప్పులు కొన్ని చేసిపెట్టమంది. అన్ని రకాల చిప్పులు గీయడం కంటే ఒకే సాధారణ ప్రాసెసర్ చేసి, తేడాలన్నీ ప్రోగ్రాములో చూసుకోవడం మేలని ఇంటెల్ ఇంజినీరు టెడ్ హాఫ్ సూచించాడు. 1971లో వచ్చిన 4004కు మూలం అదే. అప్పటినుంచి హార్డ్‌వేర్ ఒక్కటిగా, సాఫ్ట్‌వేర్ రకరకాలుగా ఉండటం మనకు ప్రకృతి ధర్మంలా అలవాటైపోయింది. నిజానికి అది లెక్కల పద్దు. చిప్ తయారీకి ఖర్చెక్కువ, ఒకసారి సిలికాన్‌లో పడ్డాక మార్చలేం, కాబట్టి ఎవరికి ఏది అవసరమైనా అందరికీ అన్నీ పెట్టి అమ్మడమే లాభం. మరి ఆ ‘మార్చలేం’ అన్న మాటే లేకపోతే, ఒక ప్రోగ్రాముకు ఏం కావాలో చూసి ప్రాసెసర్‌ను దానికి తగ్గట్టు మలచుకోవచ్చు కదా? మలచుకోవచ్చు. అయితే చాలామంది ఊహించే చోట కాకుండా, వేరే చోట లాభం కనిపిస్తుంది.

తయారయ్యాక కూడా మార్చుకోగల చిప్పులు ఉన్నాయి, వాటిని ఎఫ్‌పీజీఏలు అంటారు. జైలింక్స్ సంస్థ 1985లో తెచ్చిన మొదటి ఎఫ్‌పీజీఏలో ఉన్నవి 64 లాజిక్ బ్లాకులే. ఈరోజు పెద్ద చిప్పుల్లో అవి లక్షల్లో ఉంటాయి. (2022లో ఏఎండీలో కలిసిపోయిన ఈ సంస్థకు హైదరాబాద్‌లో పెద్ద కేంద్రమే ఉండేది కనుక, మన ఇంజినీర్లలో చాలామందికి ఈ పేరు కొత్త కాదు.) బ్లాకు లోపల ఉండేది ఒక చిన్న జవాబుల పట్టిక. ఏడెనిమిదులు ఎంతంటే ఎక్కం వచ్చిన పిల్లవాడు లెక్క చెయ్యకుండానే యాభై ఆరు అంటాడు కదా, ఇదీ అంతే. నాలుగు ఇన్‌పుట్లు ఉంటే 16 రకాల ప్రశ్నలు, ఒక్కోదానికి ముందే రాసిపెట్టిన ఒక జవాబు. ఆ జవాబులు మార్చి, బ్లాకుల మధ్య తీగల కలయికలు మార్చితే అదే చిప్పు వేరే సర్క్యూట్ అవుతుంది. అలా కట్టిన సర్క్యూట్ ప్రాసెసరే అయితే దాన్ని సాఫ్ట్ ప్రాసెసర్ అంటారు. జైలింక్స్ వారి మైక్రోబ్లేజ్, ఆల్టెరా వారి నియోస్ ఈ కోవలో బాగా వాడుకలోకి వచ్చాయి.

మలచడం అనగానే ఎవరికైనా మొదట తట్టేది కలపడం. ప్రోగ్రాము పదే పదే చేసే పనికి ఒక కొత్త ఆదేశం చేర్చేద్దాం అనుకుంటారు. దీనికి బలమైన ఉదాహరణలే ఉన్నాయి. 32 బిట్ల సంఖ్యను అద్దంలో చూసినట్టు తిప్పి రాయాలనుకోండి. సాఫ్ట్‌వేర్‌లో ముందు పక్కపక్క బిట్లను, తర్వాత జంటలను, ఆపైన నాలుగేసి, ఎనిమిదేసి, చివరికి పదహారేసి బిట్లను అటూ ఇటూ మార్చాలి. అంతా కలిపి ఇరవై పైచిలుకు ఆదేశాలు. హార్డ్‌వేర్‌లో అదే పనికి ఒక్క గేటు కూడా అక్కర్లేదు, మొదటి తీగను చివరికి, చివరి తీగను మొదటికి కలిపితే అయిపోతుంది. నియోస్ 2లో ఇలాంటి సొంత ఆదేశాలు 256 దాకా చేర్చుకోవచ్చు. కానీ జీన్ అమ్డాల్ 1967లో ఎత్తిచూపిన అడ్డంకి ఇక్కడా తప్పదు. ప్రోగ్రాము తన కాలంలో 20 శాతమే ఈ పనికి వెచ్చిస్తుంటే, ఆ పనిని సున్నాకు తెచ్చినా మొత్తం వేగం పెరిగేది 1.25 రెట్లే. సమయమంతా ఒకే చోట పోగుపడిన ప్రోగ్రాముకు కొత్త ఆదేశం వరమే. కాలం పదిచోట్ల చిందరవందరగా పోయే ప్రోగ్రాముకు మాత్రం దానివల్ల ఒరిగేది తక్కువ, పైగా పెట్టిన ప్రతి ఆదేశం చోటు తింటుంది.

అందుకే తీసివేతల సంగతి చూడాలి. కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంలో పీటర్ యన్నకౌరాస్, గ్రెగ్ స్టెఫన్, జొనాథన్ రోజ్ 2006లో ఒక అధ్యయనం చేశారు. సాఫ్ట్ ప్రాసెసర్లను రకరకాలుగా తయారుచేసే సాధనం కట్టి, చిన్న పరికరాల్లో నడిచే తరహా ప్రోగ్రాములతో వాటిని పరీక్షించారు. సగటున అన్నిటికంటే వేగంగా ఉన్న డిజైనే చాలాసార్లు విడివిడి ప్రోగ్రాములకూ అత్యంత వేగవంతమైనదిగా తేలింది. అంటే ఒట్టి వేగమే కావాలంటే మలచడంతో పెద్ద పని లేదు. కానీ తీసుకున్న చోటుకు తగ్గ పని జరుగుతోందా అని అడిగితే కథ మారింది. ప్రోగ్రామును బట్టి లోపలి నిర్మాణాన్ని సరిచూసుకుంటే సగటున 11.4 శాతం, కొన్నింటికి 30 శాతం దాకా మెరుగుదల కనిపించింది. అన్నిటికన్నా ఆలోచింపజేసేది మరొకటి: ఆ ప్రోగ్రాములు ప్రాసెసర్‌లో ఉన్న ఆదేశాల్లో సగటున సగమే వాడుతున్నాయి. వాడనివాటిని తీసేస్తే చిప్‌పై చోటు, కరెంటు రెండూ సగటున 25 శాతం మిగిలాయి. ఇక్కడ కొత్తగా కనిపెట్టిందేమీ లేదు, పనిలేని సామాను బయటపెట్టారు, అంతే.

తీసివేయడమంటే కళ్లు మూసుకుని కోయడం కాదు. షిఫ్టర్‌నే తీసుకుందాం, సంఖ్యలోని బిట్లను ఎడమకో కుడికో జరిపే భాగమిది. ఒక్క క్లాక్ టిక్కులో ఎన్ని స్థానాలైనా జరపాలంటే ఐదు అంతస్తులు, అంతస్తుకు 32 చొప్పున 160 ఎంపిక సర్క్యూట్లు కావాలి. పట్టికలతో కట్టే ఎఫ్‌పీజీఏలో ఇలాంటి ఎంపికలు ఖరీదు. అయితే ఈ చిప్పుల్లో తయారీదారే గట్టిగా సిలికాన్‌లో పోసి ఉంచిన గుణకార బ్లాకులు ఉంటాయి. ఎడమకు 5 స్థానాలు జరపడమంటే 32తో గుణించడమే. కుడికి 3 స్థానాలు జరపాలంటే 2కు 29వ ఘాతంతో గుణించి, 64 బిట్ల లబ్ధంలో పై సగం తీసుకుంటే చాలు. కాబట్టి ప్రోగ్రాముకు గుణకారం ఎలాగూ అవసరమైతే షిఫ్టర్ దాదాపు ఉచితంగా వస్తుంది. గుణకారమే లేకుండా, ఎప్పుడో ఒకసారి మాత్రమే బిట్లు జరిపే ప్రోగ్రామైతే, టిక్కుకు ఒక స్థానం చొప్పున నింపాదిగా జరిపే చిన్న షిఫ్టర్ సరిపోతుంది. ఏది మంచిదన్న ప్రశ్నకు ప్రోగ్రామును చూడకుండా జవాబు లేదు.

బర్కిలీలో 2010లో మొదలైన రిస్క్-ఫైవ్ అనే ప్రాసెసర్ ప్రమాణం, అవసరమైనవే ఉంచుకోవాలన్న ఈ ఆలోచనను ఆదేశాల జాబితాలోనే రాసిపెట్టింది. అసలు జాబితాలో 40 ఆదేశాలే ఉంటాయి. గుణకార భాగహారాలకు చెందిన ఎనిమిది వేరే కట్ట, కావాలంటేనే కలుపుకోవాలి. ప్రాసెసర్ లోపల సంఖ్యలు దాచుకునే 32 రిజిస్టర్లు ఎక్కువనుకునేవారికి 16తో సరిపెట్టే రూపం ఉంది. తీసివేత ఎంత దూరం పోగలదో ఓలోఫ్ షిండ్‌గ్రెన్ చేసిన సర్వ్ అనే ప్రాసెసర్ చూపిస్తుంది. అది టిక్కుకు ఒక్క బిట్టే కూడుతుంది, 32 బిట్ల కూడికకు 32 టిక్కులు. ప్రతిఫలంగా, దాదాపు 200 పట్టికల్లో ఇమిడిపోతుంది. వేగానికి పుట్టింది కాదది, ఒక మూల కూర్చుని లైట్లనీ స్విచ్చులనీ కనిపెట్టుకుని ఉండే పనికి పుట్టింది.

ఇదంతా నేల విడిచి సాము అనేవాళ్లున్నారు, వారి వాదన కొట్టిపారేయదగ్గది కాదు. ఎఫ్‌పీజీఏలో కట్టిన లాజిక్, అదే పనికి ప్రత్యేకంగా పోసిన చిప్‌తో పోలిస్తే సుమారు 35 రెట్లు చోటు తీసుకుంటుందని, మూడు నాలుగు రెట్లు నెమ్మదని ఇదే టొరంటోలో జరిగిన మరో అధ్యయనం కొలిచి చెప్పింది. అంత నష్టంతో మొదలై 25 శాతం పొదుపు గురించి మాట్లాడటమేమిటి? ప్రాసెసర్ ఒక్కటే కావాల్సినవాడికి ఈ ప్రశ్నకు జవాబు లేదు, వాడు బజారులో దొరికే మైక్రోకంట్రోలర్ కొనుక్కోవాలి. కెమెరా నుంచి వచ్చే డేటాను ఏరడానికో, మోటారును నడపడానికో ఎఫ్‌పీజీఏ ఎలాగూ బోర్డుపై ఉన్నప్పుడు మాత్రం లెక్క వేరు. అక్కడ ప్రాసెసర్ అదే చిప్‌లో మరో వాటాదారు. పైగా చిప్పులు కిలోల లెక్కన దొరకవు, ఫలానా ఫలానా సైజుల్లో మాత్రమే వస్తాయి. పావు వంతు పొదుపు వల్ల డిజైన్ కింది సైజులో పట్టిందా, డబ్బు మిగిలినట్టే. పట్టలేదా, మిగిలిన చోటులో వేరే పని పెట్టకపోతే ఆ పొదుపు కాగితం మీదే.

రెండో అభ్యంతరం భవిష్యత్తు గురించి. ఈరోజు భాగహారం తీసేసి, రేపటి కొత్త వెర్షన్‌లో అదే అవసరమైతే? సిలికాన్‌లో అయితే ఇది ముందరికాళ్లకు బంధం. ఇక్కడ సాఫ్ట్‌వేర్‌తో పాటు ప్రాసెసర్‌నూ కొత్తగా పంపవచ్చు. అయితే పంపిన ప్రతి రూపాన్నీ మళ్లీ పరీక్షించాలి, అది నిజంగా బరువే. లక్షలమంది వాడి రాటుదేల్చిన ప్రాసెసర్‌కు ఉన్న నమ్మకం నిన్న రాత్రి కత్తిరించినదానికి ఉండదు. భాగాలు పూర్తిగా ఉండటమో పూర్తిగా లేకపోవడమో తప్ప మధ్యస్థ రూపాలు లేకుండా చూసుకోవడం కొంత మేలు. అందుకే విడి ఆదేశాలు ఏరి పారేయడం కంటే, రిస్క్-ఫైవ్ పద్ధతిలో కట్టలు కట్టలుగా తీయడమే నాకు తెలివైన దారిగా కనిపిస్తుంది, పొదుపు కాస్త తగ్గినా సరే.

ఇంతకీ ఏది వాడనిదో తేల్చడమెలా? ప్రోగ్రాము రాసినవాణ్ణి అడిగితే లాభం లేదు. నేనెక్కడా భాగహారం చెయ్యలేదంటాడు, అదే నిజమనీ నమ్ముతాడు. కానీ ఉష్ణోగ్రతను తెరపై చూపించడానికి ప్రింట్‌ఎఫ్ అనే లైబ్రరీ ఫంక్షన్‌ను పిలిచి ఉంటాడు. సంఖ్యను దశాంశ అంకెలుగా విడదీయాలంటే పదితో భాగించాలి, భాగహారం పెరటి దారిన లోపలికొచ్చేసింది. కాబట్టి చూడాల్సింది కంపైలర్ చేతిలోంచి వచ్చిన చివరి ఆదేశాలను. వాటిలో భాగహారం కనబడినంత మాత్రాన దాని సర్క్యూట్ పెట్టాలనీ లేదు, ఎంత తరచుగా జరుగుతుందో చూడాలి. ఆ అంకెలు 9600 బాడ్ సీరియల్ లైన్ మీద పోతున్నాయనుకుందాం. ఒక్క అక్షరం వెళ్లడానికి ఒక మిల్లీసెకను పైనే పడుతుంది. 50 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కు ఆ కాలం యాభై వేల టిక్కులు. భాగహారాన్ని సాఫ్ట్‌వేర్ రొటీన్‌తో చేస్తే ఖర్చయ్యేవి కొన్ని వందలు. మిగతా టిక్కులన్నీ ప్రాసెసర్ ఆ అక్షరం ఎప్పుడు పోతుందా అని చూస్తూ కూర్చోవడానికే సరిపోతాయి.