బియ్యపు గింజంత గుర్తు

ఫలక్‌నుమా గల్లీలలో ఇళ్ల మేడలు ఒకదానినొకటి ఆనుకొని ఉంటాయి. పిల్లికి నాలుగు వీధులు దాటడం ఎంతసేపు? తప్పిపోయిన పిల్లి మరొకరి గుమ్మంలో ప్రత్యక్షమైతే, "మాదే" అని ఇద్దరు పట్టుబడితే తీర్పు చెప్పేదెలా? మెడపట్టీ తెగిపోతుంది, ఒకే రంగు పిల్లులు ఎన్నో ఉంటాయి. ఈ చిక్కుకు పశువైద్యులు చూపే పరిష్కారమే మైక్రోచిప్.

జంతువుకు గుర్తు వేయడం కొత్త సంగతి కాదు. పావురాలు పెంచేవారు వాటి కాళ్లకు కడియాలు తొడుగుతారు. పల్లెలలో ఆవులు, గేదెల చెవులకు 12 అంకెల పసుపుపచ్చ బిళ్లలు కనిపిస్తాయి. పూర్వం ఒంటెలకు వాత పెట్టి ముద్ర వేసేవారు. అయితే ముఖంపై వాత పెట్టడాన్ని దైవప్రవక్త ముహమ్మద్ (స) నిషేధించారు. గుర్తు అవసరమే, కాని అది మూగజీవి పాలిట హింస కారాదు.

మైక్రోచిప్ సుమారు 12 మిల్లీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల మందం గల గాజు గొట్టం. అందులో సన్నని రాగి తీగచుట్ట, ఒక చిన్న చిప్ ఉంటాయి. బ్యాటరీ ఉండదు. పశువైద్యుడు దీనిని సూదితో భుజాల నడుమ చర్మం కింద ప్రవేశపెడతాడు. సూది టీకా సూదికన్నా లావైనదే అయినా, సాధారణంగా మత్తుమందు అవసరం రాదు.

చిప్‌ను చదివే పరికరాన్ని రీడర్ అంటారు. దానిని దగ్గరకు తెచ్చినప్పుడు అది వెలువరించే అయస్కాంత క్షేత్రం లోపలి తీగచుట్టలో స్వల్ప విద్యుత్తును పుట్టిస్తుంది. ఆ క్షణమాత్రపు శక్తితో చిప్ మేల్కొని తన సంఖ్యను పంపుతుంది. మెట్రో స్టేషను గేటు వద్ద స్మార్ట్‌కార్డు చూపినప్పుడు పనిచేసే సూత్రమూ ఇదే. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఈ సంఖ్యకు 15 అంకెలు, తరంగ పౌనఃపున్యం 134.2 కిలోహెర్ట్జ్. మొదటి మూడు అంకెలు దేశాన్ని గాని, తయారీదారును గాని సూచిస్తాయి.

ఇక్కడ ఒక అపోహను తొలగించవలసి ఉంది. ఈ చిప్ జంతువు ఎక్కడుందో చెప్పదు. రీడర్ కొద్ది సెంటీమీటర్ల దూరానికి వస్తేనే పలుకుతుంది. అందులో యజమాని పేరు, చిరునామా కూడా ఉండవు; ఉండేది సంఖ్య ఒక్కటే. ఆ సంఖ్య ఎవరిదో తెలిపేది నమోదు పట్టిక. అందువల్ల చిప్ వేయించే ముందు వైద్యుని అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ సంఖ్య ఎక్కడ నమోదవుతుంది? ఇల్లు మారినా, ఫోను నంబరు మారినా ఆ వివరాలను సవరించుకోవాలి. లేనిపక్షంలో చిప్ ఉన్నా లేనట్టే.

గల్ఫ్‌లో కొలువున్న కుటుంబాలకు ఈ విషయం మరింత అవసరం. పెంపుడు పిల్లినో కుక్కనో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌కు తీసుకువెళ్లాలంటే మైక్రోచిప్ తప్పనిసరి. ఇంగ్లండులో కుక్కలకు 2016 నుండి, పిల్లులకు 2024 నుండి ఇది చట్టబద్ధ నియమం. ప్రయాణం తలపెట్టినవారు ముందుగా చిప్ వేయించి, ఆ తరువాతే రేబిస్ టీకా ఇప్పించడం క్షేమం. చిప్ సంఖ్య లేని టీకా పత్రం ఏ జంతువుదో నిరూపించడం కష్టం.

దారితప్పిన జంతువు దొరికినవారికీ బాధ్యత ఉంది. దొరికిన సొమ్ము గుర్తులను గమనించి, ఏడాదిపాటు చాటించి యజమాని కోసం వెతకమని హదీసులు బోధిస్తున్నాయి. జంతువు విషయంలో ఆ బాధ్యతకు తొలి మెట్టు దానిని పశువైద్యశాలకు తీసుకువెళ్లి రీడర్‌తో పరీక్షించమని కోరడం. చిప్ ఒక్కోసారి చర్మం కింద కొంత జరుగుతుంది కనుక భుజాల నడుమనే గాక పక్కలను కూడా చూడమనాలి.

తన ఇల్లేదో జంతువు నోరు తెరచి చెప్పలేదు. దాని తరఫున ఆ మాట చెప్పగలిగేలా ముందే ఏర్పాటు చేయడం పెంచుకున్నవారి పని.