గోదావరి పులస: వలస, ఆవాసం, సంరక్షణ

అల్లవరం మండలంలోని ఓడలరేవు వద్ద వైనతేయ గోదావరి బంగాళాఖాతంలో కలుస్తుంది. వర్షాకాలంలో ఎర్రనీరు సముద్రానికి చేరగానే విలస చేపలు ఆ ప్రవాహానికి ఎదురీదుతూ నదిలోకి ప్రవేశిస్తాయి. సముద్రంలో విలసగా పిలిచే చేపనే గోదావరి మంచినీటిలోకి వచ్చిన తరువాత పులస అంటారు. రెండూ ఒకే జాతి. శాస్త్రీయ నామం టెన్యులోసా ఇలిషా.

జీవిత చక్రం

సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదికి వచ్చే చేపలలో సాల్మన్ ప్రపంచ ప్రసిద్ధమైనది. పులస వలస కూడా ఈ కోవకే చెందుతుంది. అయితే పసిఫిక్ సాల్మన్ జాతులలో అధిక భాగం గుడ్లు పెట్టిన తరువాత మరణిస్తాయి. పులస మాత్రం సముద్రానికి తిరిగి వెళ్ళి, మరల నదికి రాగలదు. కనుక బ్రతికి వెళ్ళిన తల్లిచేప రాబోయే సంవత్సరాల దిగుబడికి కూడా ఆధారమవుతుంది. ఆడచేప తన పరిమాణాన్ని బట్టి లక్షల సంఖ్యలో గుడ్లు పెడుతుంది. అనుకూల ఉష్ణోగ్రతలో సుమారు ఒక రోజులో పిల్లలు వెలువడతాయి. అవి ప్లవకాలను తింటూ కొన్ని నెలలపాటు నదిలోను, నదీముఖంలోను పెరిగి సముద్రానికి చేరుతాయి.

క్షీణతకు కారణాలు

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తికావడంతో ఎగువ ప్రాంతాలకు పులస వలస మార్గానికి అడ్డంకి ఏర్పడింది. సాల్మన్ వలె ఎగిరి దూకే శక్తి పులసకు లేదు. గంగానదిపై 1975లో ఫరక్కా బ్యారేజి ప్రారంభమైన తరువాత అక్కడి ఎగువ ప్రాంతాలలోను ఈ చేప బాగా తగ్గిపోయింది. ఆనకట్టకు దిగువన మిగిలిన ఆవాసంలో నదీముఖాల ఇసుక మేటలు, కలుషిత జలాలు, సన్నకన్ను వలలు ఇతర సమస్యలు.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులపాటు సముద్రంలో మరపడవల వేట నిషేధం అమలులో ఉంటుంది. పులస నదిలోకి వచ్చేది ప్రధానంగా జూలై నుండి సెప్టెంబరు వరకు. అనగా తల్లిచేప గుడ్లతో నదీముఖం దాటే సమయానికి ఆ రక్షణ ముగిసిపోతుంది. గుడ్లున్న చేపకే గిరాకీ అధికం కావడంతో వేట ఒత్తిడి కూడా అప్పుడే పెరుగుతుంది.

సంరక్షణ చర్యలు

బంగ్లాదేశ్‌లో గుడ్లు పెట్టే ముఖ్య సమయంలో, అక్టోబరు ప్రాంతాన, 22 రోజులు విలస వేటను నిలిపివేస్తారు. 25 సెంటీమీటర్ల లోపు పిల్లలను పట్టడం నవంబరు నుండి జూన్ వరకు నిషిద్ధం. ఉపాధి కోల్పోయే మత్స్యకార కుటుంబాలకు బియ్యం అందజేస్తారు.

గోదావరి ముఖద్వారాలలో ఈ క్రింది చర్యలు ప్రయోజనకరం:

1. వలస ముమ్మరంగా ఉన్న కొద్ది రోజులు నదీముఖంలో వేటకు విరామం ఇచ్చి, ఆ రోజులకు మత్స్యకారులకు భృతి చెల్లించాలి.

2. వరదల అనంతరం పిల్లలు పెరిగే నెలలలో నదీపాయలలో సన్నకన్ను వలలు వాడరాదు.

3. వలలో పడిన చిన్న చేపలను ప్రాణంతో ఉండగానే నీటిలో విడిచిపెట్టాలి.

4. చెరువుల వ్యర్థ జలాలను శుద్ధిచేయకుండా నదీపాయలలోకి వదలరాదు.

భృతి లేని విరామాన్ని రోజువారీ వేటపై బ్రతికే కుటుంబం పాటించలేదు. విరామం లేకుంటే ఆ కుటుంబానికి రేపటి వేట మిగలదు. కావున ఈ రెండింటినీ కలిపి అమలు చేసినప్పుడే పులస సంరక్షణ సాధ్యమవుతుంది.